గడ్డి బేళ్ళలో వచ్చిన సాలెపురుగు

అల్లాబకష్ ఆ సాలెపురుగును శనివారమే చూశాడు. చూసి ఎవరికీ చెప్పలేదు. తరవాత పడ్డ తిప్పలన్నీ ఆ చెప్పకపోవడం వల్లే వచ్చాయని ఆయన నమ్మాడు. కాబట్టి మనం కూడా ఆ శనివారం నుంచే మొదలుపెట్టాలి.

ఆ పొద్దున అరబ్బు ఎడారిలోని వఫ్రాలో తోటకి గడ్డి లారీ వచ్చింది. మేకలకు వేసే ఎండు గడ్డి. ఇక్కడివాళ్ళు జత్ అంటారు. అమెరికాలో కోసి, ఆరబెట్టి, మిషన్లో నొక్కి, బేళ్ళు కట్టి ఓడలో పంపిస్తారు. నూట అరవై బేళ్ళు. ఒక్కొక్కటి ముప్పై కిలోలకు తక్కువ ఉండదు. అల్లాబకష్ వాటిని వీపు మీద వేసుకుని రేకుల షెడ్డులోకి మోశాడు. రాయచోటి పక్క మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ తోటలో మేకల పని ఆయనదే, గడ్డి పని ఆయనదే. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మేకలతోనే.

నడిమి వరస పేరుస్తుంటే ఒక బేలు తాడు కింద నుంచి ఆ పురుగు బయటికొచ్చింది. చిటికెన గోరంత ఉంది. బూడిద కలిసిన నలుపు. ఒళ్ళంతా పొట్టి నూగు. మన ఇంటి మూలల్లో గూడు అల్లుకుని వేలాడే రకం కాదు. నేలకి కరుచుకుని చీమలాగా పరిగెత్తే రకం. వెనకవైపు రెండు చిన్న గొట్టాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఈ ఇసకలో ఆయన తేళ్ళను చూశాడు, పాములను చూశాడు, అరచెయ్యంత సాలీళ్ళను చూశాడు. ఇలాంటిదాన్ని చూడలేదు. తొక్కుదామని కాలెత్తేలోపల అది సందులోకి దూరిపోయింది. పోతే పోయిందిలే అనుకుని తరవాతి బేలు వీపుకెత్తుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం గంగాధర్ వచ్చి ఆ బేళ్ళ మీదనే పడుకున్నాడు.

గంగాధర్‌ది అమలాపురం దగ్గర. నలభై అయిదేళ్ళుంటాయి. దోస షెడ్లలో పని. అల్లాబకష్‌తో ఒకే గదిలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. ఈయన మాట్లాడని మాటలన్నీ అతనే మాట్లాడతాడు. ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. గదిలో ఏసీ చెడి వారమైంది. బాగు చేయించాల్సిన కఫీల్, అంటే తోట యజమాని, ఎండలకు తట్టుకోలేక ఇంటిల్లిపాదినీ తీసుకుని ఏదో చల్లటి దేశం పోయాడు. గడ్డి షెడ్డులో అయితే మేకల కోసం పెట్టిన కూలర్ గాలి తగులుతుంది.

"మీ మేకలకున్న యోగం మాకు లేదు భాయిగారూ. వాటికి కూలరంట, మాకు రేకులంట. ఇయ్యాల్టి నుంచీ నేనూ మేకనేనండి. ఆయ్. సాయంత్రం నాక్కూడా ఓ గంప గడ్డి వెయ్యండి" అంటూ తువ్వాలు మడిచి తల కింద పెట్టుకున్నాడు.

ఆ గడ్డిలో పురుగొకటి ఉండాది అని చెప్పాలనుకున్నాడు అల్లాబకష్. మాట నాలుక మీదకొచ్చింది. అప్పటికే గంగాధర్ గురక పెడుతున్నాడు. నిద్ర పోయేవాణ్ణి లేపి చెప్పేంత మాటా అది? నీళ్ళ తొట్టి నింపడానికి పోయాడు.

సోమవారం పొద్దున గంగాధర్ తల దువ్వుకోబోయి దువ్వెన కింద పడేశాడు.

"అమ్మో! ఎడమ పక్క నుదురు మంటెత్తిపోతందండి. ఎవరో అగ్గిపుల్ల గీసి పెట్టినట్టుంది. వెంట్రుక తగిలినా ఓర్చుకోలేకపోతన్నాను."

అల్లాబకష్ చూశాడు. పైకి ఏమీ కనపడలేదు.

మంగళవారం సాయంత్రం నమాజుకి పిలిచే అసర్ అజాన్ వినిపించే వేళకి కనపడింది. ఎడమ కనుబొమ్మ మీద ఒక నీటి పొక్కు. మేకలకు నీళ్ళు పెట్టి వచ్చేసరికి మూడు. చీకటి పడేసరికి నుదుటి మీదుగా జుట్టులోకి వరసగా పాకాయి. నుదుటికి సరిగ్గా నడిమిన గీత గీసినట్టు ఎడమ పక్కనే ఉన్నాయి. కుడి పక్క ఒక్కటి లేదు.

"ఏదో పురుగు పాకేసిందండి" అన్నాడు గంగాధర్ అద్దంలో చూసుకుంటూ. "మా ఊళ్ళో సాలెపురుగు పాకితే ఇలాగే పొక్కులు లేత్తాయి. ఎక్కడ పాకిందంటారు?"

సాలెపురుగు పాకితే పొక్కులు లేస్తాయని రాయచోటిలోనూ అంటారు. అల్లాబకష్ చూపు గడ్డి షెడ్డు మీదకి పోయింది.

* * *

బుధవారం పొద్దున దోసకాయలు ఎత్తుకుపోవడానికి సిరాజ్ పికప్ తీసుకుని వచ్చాడు. హైదరాబాద్ పిల్లాడు. ముప్పై నిండాయి గానీ అల్లాబకష్ లెక్కలో పిల్లాడే. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి ఫోన్ మీద. వారంలో రెండు రోజులు వస్తాడు. తోటకి, బయటి లోకానికి ఉన్న దారి అతనొక్కడే.

గంగాధర్ మొహం చూసి ఉలిక్కిపడ్డాడు. "అరె, ఏమైందన్నా? గిట్లున్నవేంది?"

అప్పుడు అల్లాబకష్ నోరు తెరిచాడు. "గడ్డిలో వచ్చిండాది. అమెరికా సాలెపురుగు."

అంతే. ఎప్పుడు చూశాడో, ఎందుకు చెప్పలేదో చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.

సిరాజ్ వెంటనే ఫోన్ తీసి వెతికాడు. వీడియో దొరికింది. అమెరికాలో ఎవరికో సాలెపురుగు కరిచిందట. పిక్క మీద పిడికెడు కండ నల్లగా కుళ్ళి గుంట పడింది.

"చూడున్రి. కరిచిన కాడ కండ మొత్తం ఖరాబైతదట. గిది కన్ను పక్కనే ఉంది. కంట్లకు దిగితే కన్ను ఖలాస్!"

గంగాధర్ చెయ్యి తనంతట తనే ఎడమ కంటి మీదకి పోయింది. "ఊరుకో సిరాజూ. నవ్వులాటకి కూడా అలా అనకు."

"నవ్వులాట కాదన్నా. యల్లా, బండెక్కు. క్లినిక్ కాడ దింపి పోత."

గంగాధర్ చెప్పులు వేసుకున్నాడు కూడా. అల్లాబకష్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పురుగు ల్యాకుండా పోయి ఏం జెప్తాం?"

"పొక్కులు జూపిస్తె సాలదా చాచా?"

"సాలదు. ఏ పురుగని అడుగుతాడు డాక్టరు. ఏం జెప్తావు? నల్లగా ఉండాదని జెప్తావా? నల్లగా ఉండేటివి వెయ్యుంటాయి. పురుగును సూస్తేనే ఏ సూదెయ్యాల్నో తెలిసేది. మా తమ్మునికి శెనక్కాయ చేలో పాము కరిచింది. ఎత్తుకోని ఆసుపత్రికి పరిగెత్తినాం. ఏ పామని అడిగినారు. మేం సూడల్యా. ఊర్లో ఎవురికి కరిచినా పామును కొట్టి, కట్టెకు తగిలించుకోని తీస్కపోతారు. మేం వాణ్ణి ఎత్తుకొనే తొందర్లో మర్సిపోతిమి. పొద్దు గూకేతలికి పాయ వాడు."

తొమ్మిదేళ్ళలో ఆయన అంత పొడుగున మాట్లాడటం గంగాధర్ వినలేదు. ఈయనకో తమ్ముడుండేవాడని కూడా ఆరోజే తెలిసింది. ఎప్పుడూ వాగే మనిషి చెప్పుంటే కొట్టిపారేసేవాడు.

"భాయిగారంతటోరు నోరు తెరిచి చెప్పారంటే ఏదో ఉంటాదండి" అని చెప్పులు విడిచాడు. "పురుగును పట్టుకునే వెళ్దాం."

సిరాజ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నాకు టైమైతుంది. మళ్ళ శుక్రవారమే వస్త. జరంత ఎక్కువైతే ఫోన్ కొట్టున్రి" అని దోసకాయలెక్కించుకుని పోయాడు. బండి లేపిన దుమ్ము రోడ్డు దాకా కనపడింది. ఆ దుమ్ము అణిగేదాకా అల్లాబకష్ అక్కడే నిలబడ్డాడు. నా మాట తప్పు కాదు అని తనకు తానే చెప్పుకుని టార్చిలైటు, స్టీలు గ్లాసు తీసుకుని షెడ్డులోకి నడిచాడు.

నూట అరవై బేళ్ళు. తాడు కోస్తే గడ్డి విచ్చుకుపోతుంది, ఆకు రాలిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కోయాలని కఫీల్ గట్టిగా చెప్పి పోయాడు. అందుకని ఒక్కొక్క బేలూ కిందికి దించడం, నాలుగు పక్కలా తిప్పడం, తాళ్ళ కిందకి టార్చి వేసి చూడటం, మళ్ళీ అవతల పేర్చడం. గడ్డి దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతోంది. ఎనిమిది బేళ్ళకే చొక్కా పిండితే నీళ్ళు కారేట్టయింది.

గది షెడ్డుకి ఇరవై అడుగులు. అక్కడి నుంచి గంగాధర్ కేక పెట్టేవాడు.

"దొరికిందాండీ?"

"ల్యా."

"దానికి నా పేరు చెప్పండి భాయిగారూ. గంగాధర్ పిలుత్తన్నాడని చెప్పండి, అదే వత్తాది!"

ఇంకో గంటకి, "దొరికిందాండీ?"

"ల్యా."

"సరేనండి. వాడపల్లి ఎంకన్నబాబుకి మొక్కుకున్నాను. దొరుకుతాది."

ఎండ దిగేసరికి, "భాయిగారూ?"

"ల్యా, గంగాధరా."

ఆ పిలుపు తరవాత జోకు రాలేదు, మొక్కు రాలేదు.

ఆ సాయంత్రానికి డెబ్భై బేళ్ళు అయ్యాయి. ఒక ఎండిపోయిన మిడత, రెండు పెంకు పురుగులు దొరికాయి. అల్లాబకష్ కఫీల్‌కి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. గదిలోకొచ్చి చూస్తే గంగాధర్ ఎడమ రెప్ప ఉబ్బి, కన్ను సగమే తెరుచుకుంటోంది. ముక్కు కొన మీద కొత్తగా ఒక పొక్కు.

"నొప్పిగా ఉండాదా?"

"నొప్పయితే ఓర్చుకుంటానండి. కన్నేనండి భయం. ఒంటి కన్నోడికి ఏ షెడ్డులో పనిత్తారు? అలా ఇంటికి పంపేత్తారు."

అల్లాబకష్ అన్నం కలిపి అతని ముందు పెట్టాడు. ఇద్దరూ తినలేదు.

* * *

గురువారం తెల్లవారేసరికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అల్లాబకష్ నమాజు చదువుకుని నేరుగా షెడ్డులోకి పోయాడు. తొంభై. వంద. నూట పది. చేతులు తాడు కోతలతో నిండిపోయాయి. పని చేస్తూ చెవి గది వైపే పెట్టాడు. ఏడింటికి ఒక పిలుపు వచ్చింది. ఎనిమిదింటికి రాలేదు. తొమ్మిదింటికి రాలేదు.

తొమ్మిదేళ్ళుగా ఆ నోరు మూతపడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు అది నిజంగానే మూతపడింది. గ్లాసు పడేసి గదికి పరిగెత్తాడు.

గంగాధర్ మంచం మీద గోడకానుకుని కూర్చునున్నాడు. సగం మొహం మీద తడి తువ్వాలు.

"గంగాధరా."

"భాయిగారూ... వేళ్ళతో రెప్ప ఎత్తి చూశానండి. పొగమంచులాగుంది. తలుపు ఎక్కడుందో తెలుత్తంది గానీ, మీరు మీరని తెల్దండి."

అల్లాబకష్ ఇంకేం వినలేదు. కొడవలి తీసుకుని మళ్ళీ షెడ్డులోకి పోయాడు. కఫీల్ లేడు, కఫీల్ కోపం లేదు. మిగిలిన బేళ్ళన్నీ వరసగా తాళ్ళు కోశాడు. గడ్డి పొరలు పొరలుగా విచ్చుకుంది. పొర వెనక పొర తిరగేశాడు. మోకాళ్ళ లోతున గడ్డిలో నిలబడి, "యా అల్లా, ఒక్కసారి సూపియ్యి" అని పైకే అన్నాడు.

అలా కోసినవాటిలో పదహారో బేలులో, రెండు పొరల నడుమ, కాగితంలాగా తెల్లగా ఏదో మెరిసింది. చొక్కా గుండీ అంతుంది, గుండ్రంగా, పలచగా. గుడ్ల సంచి. దాని మీద ఆ పురుగు కూర్చునుంది. అదే బూడిద నలుపు, వెనక అవే రెండు గొట్టాలు. వెలుగు పడితే శనివారం లాగా పరిగెత్తలేదు. గుండీని పట్టుకుని ఇంకా కిందకి అణిగి కూర్చుంది.

గ్లాసు బోర్లించాడు. తొందరలో అంచు ఒక కాలి మీద పడింది. ఆ కాలు తెగి గడ్డి మీద పడి, ఒంటరిగా రెండుసార్లు కొట్టుకుంది. క్యాలెండర్ కాగితం కిందకి తోసి, పురుగునీ గుండీనీ కలిపి ఖాళీ జామ్ సీసాలో వేసి మూత బిగించాడు. మూతకి మేకుతో బెజ్జాలు కూడా పొడిచాడు. చచ్చిపోయిందాన్ని చూసి డాక్టరు గుర్తుపట్టకపోతే ఎట్ల? సీసా అడుగున ఆ పురుగు కుంటుకుంటూ పోయి మళ్ళీ తన గుండీ ఎక్కి కూర్చుంది.

సిరాజ్‌కి ఫోన్ చేశాడు. "చాచా, నేను షర్క్‌ల ఉన్న, చేపల మార్కెట్ కాడ. రెండు గంటలు పడతది" అన్నాడు సిరాజ్.

రెండు గంటలు! అల్లాబకష్ తడి తువ్వాలు గంగాధర్ తల మీద కప్పి, చెయ్యి తన భుజం మీద వేసుకుని రోడ్డుకి నడిపించాడు. పదకొండవుతోంది. కింద ఇసక, పైన ఎండ. గంగాధర్ కాలు తడబడినప్పుడల్లా సీసా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది. రోడ్డు మీద బస్సు లేదు, మనిషి లేడు. రెండు పెద్ద కార్లు ఆగకుండా పోయాయి. మూడోది నీళ్ళ ట్యాంకరు. అల్లాబకష్ రోడ్డు నడిమిన పోయి నిలబడ్డాడు, సీసా ఎత్తి పట్టుకుని.

ట్యాంకరు కీచుమని ఆగింది. డ్రైవరు పఠాన్. తల బయట పెట్టి, "చావాలనుందా ముసలోడా?" అని ఉర్దూలో తిట్టాడు.

"వీడి కన్ను పోతాంది" అన్నాడు అల్లాబకష్ తన ఉర్దూలో. "నా తమ్ముడు. నువ్వు ఎక్కించుకోకపోతే నేను ఈడనే ఉంటా."

పఠాన్ గంగాధర్ తువ్వాలు కింది మొహం చూశాడు. అవతలి తలుపు తీశాడు.

* * *

క్లినిక్‌లో డాక్టరమ్మ కేరళ ఆవిడ. హిందీ వచ్చు. అల్లాబకష్ లోపలికి పోతూనే సీసాను బల్ల మీద పెట్టాడు. ఆవిడ సీసా వైపు చూడలేదు. తువ్వాలు తీసి గంగాధర్ మొహం చూసింది. ముక్కు కొన మీది పొక్కు దగ్గర ఆవిడ చూపు ఆగింది. ఆవిడ మొహం మారడం అల్లాబకష్ గమనించాడు. ఆయన కళ్ళబడకుండా ఏదీ పోదు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అనే అర్థం వచ్చేట్టు చేత్తో ఒళ్ళంతా చూపిస్తూ అడిగింది.

"పోసిందండి. ఏడేళ్ళప్పుడు" అన్నాడు గంగాధర్.

"అదే ఇది. ఇన్నేళ్ళూ నరంలో దాక్కుని, ఒళ్ళు అలిసినప్పుడు బయటికొచ్చింది. చాలామందికి నడుం చుట్టూ వస్తుంది. నీకు నుదుటి నరంలో వచ్చింది. ఆ నరం కంట్లోకి పోతుంది."

సర్పి! నడుం చుట్టూ వచ్చే సర్పి ఇద్దరికీ తెలుసు. రాయచోటిలో తెలుసు, అమలాపురంలో తెలుసు. అది నుదుటి మీదకి ఎక్కుతుందని ఏ ఊళ్ళోనూ ఎవరూ చెప్పలేదు.

"పురుగు కాదా?" అన్నాడు అల్లాబకష్.

"ఏ పురుగు?"

సీసా ముందుకు జరిపాడు. ఆవిడ చూసింది. "ఈ పొక్కులకీ దీనికీ సంబంధం లేదు. పొక్కులు ఎప్పుడు మొదలయ్యాయి? సరిగ్గా చెప్పండి. మూడు రోజుల లోపల మందు పడితే కన్ను దక్కే అవకాశం ఎక్కువ."

గంగాధర్ తల అడ్డంగా ఊపాడు. "తెల్దండి. మంట శనివారమో... పొక్కులు సోమవారమో... నాకు బుర్ర పని చెయ్యట్లేదండి." సోమవారమైతే మూడు రోజులు దాటినట్టే.

"మంట సోమవారం పొద్దున" అన్నాడు అల్లాబకష్. "తల దువ్వుకుంటా దువ్వెన పడేసినాడు. పొక్కు మంగళవారం, అసర్ అజాన్ అయితాంటే. మొదటిది కనుబొమ్మ మీద. నేను మేకలకు నీళ్ళు పెట్టొచ్చేతలికి మూడు. రాత్రి ఇశా అజాన్‌కు పదకొండు పొక్కులు. ముక్కు మీదిది నిన్న పొద్దు గూకినాక."

డాక్టరమ్మ రాయడం ఆపి ఆయన వైపు చూసింది. "అయితే రెండు రోజులు కూడా నిండలేదు. మంచిది." చీటీ రాసి, మాత్రలు తెప్పించి తన ముందే మింగించింది. కంటి ఆసుపత్రికి ఫోన్ చేసింది. అంబులెన్సు వస్తుందని చెప్పి, సీసా వైపు ఇంకోసారి చూసింది.

"నిన్ననే వచ్చుంటే ఇంకా బాగుండేది. పొక్కులు చూశాక కూడా నిన్నంతా ఏం చేశారు?"

అల్లాబకష్ సీసాను చేతిలోకి తీసుకున్నాడు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"కన్ను ఉంటాదాండీ?" అన్నాడు గంగాధర్.

"మందు వాడు. ఇప్పుడే మాట ఇవ్వలేను. పది రోజులు పోతే తెలుస్తుంది."

* * *

ఆ పది రోజులూ అల్లాబకష్ ఇద్దరి పనీ చేశాడు. రోజుకి అయిదు మాత్రలు, గంటలు చూసి ఇచ్చేది ఆయనే. కంటి ఆసుపత్రిలో విప్పొద్దని చెప్పి కట్టిన కట్టు తడవకుండా మొహం తుడిచేది ఆయనే. కోసిన బేళ్ళను మళ్ళీ తాళ్ళతో కట్టింది ఆయనే. సీసాను కిటికీలో పెట్టాడు. రెండో రోజు ఒక చిన్న ఈగను పట్టి అందులో వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలియదు.

శుక్రవారం వచ్చినప్పుడు సిరాజ్ ఆ పురుగును ఫోన్‌తో ఫోటో తీసుకుపోయాడు. సాలెపురుగుల గురించి మాట్లాడుకునేవాళ్ళు కూడా ఉంటారట ఫోన్లో. ఆ పై వారం వచ్చి, తల గోక్కుంటూ చెప్పాడు.

"చాచా, గా పురుగు అమెరికాదే. నేల మీద తిరిగే జాతంట. గూడు అల్లదు, ఉరికి పట్టుకుంటదంట. పగలు దాక్కుంటది, రాత్రి తిరుగుతది. ఆడ కూడ దాన్ని చూసినోళ్ళు తక్కువేనంట. మామూలు పేరు కూడ లేదు. శాస్త్రంల పెట్టిన పేరొకటుంది, నాకు నోరు తిరుగుతలేదు. మనుషులకు ఏం జెయ్యదంట."

"మరి ఆ కుళ్ళిన కాలు?" అన్నాడు గంగాధర్, కంటికి కట్టుతో.

"గది వేరే సాలీడన్నా. మాఫ్ చెయ్యి."

"పేరు లేదు, ఇఖామా కార్డు లేదు, వీసా లేదు. గడ్డిలో కూర్చుని దర్జాగా దిగేసింది. మనమేమో మెడికల్ అని, వేలిముద్రలని ఎన్ని తిప్పలు పడ్డామండీ" అన్నాడు గంగాధర్. నవ్వడానికి చేసిన మాటే. ఎవరూ పెద్దగా నవ్వలేదు. కట్టు ఇంకా విప్పలేదు మరి.

పదకొండో రోజు పొద్దున కంటి ఆసుపత్రికి పోవాలి. సిరాజ్ బండి ఎనిమిదింటికి వస్తుంది. ఆరింటికే గంగాధర్ లేచి కూర్చున్నాడు.

"భాయిగారూ, అక్కడ వాళ్ళు చెప్పేదాకా నేను ఆగలేనండి. ఇక్కడే చూసేసుకుంటాను. మీరుంటే ధైర్యం."

అల్లాబకష్ కట్టు విప్పాడు. నుదుటి మీద పొక్కులు మాడి నల్ల చెక్కు కట్టాయి. రెప్ప వాపు తీసింది. కన్ను ఎర్రగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి. గంగాధర్ కుడి కన్ను అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు.

"ఏం చూడమంటారు? పెద్దవి వద్దండి. తలుపూ కిటికీ ఆ రోజు కూడా కనపడ్డాయి. చిన్నది చూపించండి."

అల్లాబకష్ చుట్టూ చూశాడు. కిటికీలో సీసా ఉంది. తెచ్చి వెలుగులో పట్టుకున్నాడు. పురుగు ఎప్పటిలాగే గుండీ మీద కాళ్ళు చాచి కూర్చునుంది.

"కాళ్ళు లెక్కబెట్టు."

గంగాధర్ మొహం సీసాకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. పెదాలు కదిలాయి. ఆగాడు. కన్ను తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏడు" అన్నాడు గంగాధర్.

ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఏడేనండి. ఇటు నాలుగు, అటు మూడు." చెయ్యి కుడి కంటి మీద నుంచి జారిపోయింది. మొహం తెల్లబోయింది. "ఎనిమిదుండాలి కదండీ సాలెపురుగుకి? ఎనిమిది కదా భాయిగారూ? ఒకటి కనపడలేదు. ఆ పక్కన చూపు పోయింది. పోయిందండి నా కన్ను..."

"ఏడే!" అని అరిచాడు అల్లాబకష్. అంత గట్టిగా ఆ గదిలో ఆయన ఎప్పుడూ అరవలేదు. "ఏడే, గంగాధరా! దానికుండేటివి ఏడే. పట్టేటప్పుడు గ్లాసు పడి ఒకటి తెగిపాయ. అటుపక్కదే. మూడోది. నువ్వు సూసింది సరే!"

గంగాధర్ సీసా లాక్కుని ఈసారి రెండు కళ్ళతో చూశాడు. ఇటు నాలుగు, అటు మూడు. మంచం మీద కూలబడి మొహం తువ్వాలులో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"ఈ మాట పది రోజుల నాడే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు అడగల్యా."

అల్లాబకష్ తన మంచం మీద కూర్చున్నాడు. తరవాత చెప్పాడు. శనివారం నాడే ఆ పురుగును చూశానని, మరునాడు నువ్వు ఆడ పడుకుంటాంటే చెప్పాలనుకుని చెప్పలేదని, దాని పాపమే నీ కంటికి తగిలిందనుకున్నానని, అందుకే అది దొరికిందాకా నిన్ను కదలనియ్యలేదని. ఒక రోజు నీ కంటితో ఆట ఆడినాను అన్నాడు.

గంగాధర్ ఆయన్ని ఎడమ కంటితో చూశాడు. కుడి కంటితో చూశాడు. "మీరు చెప్పినా అక్కడే పడుకునేవాణ్ణండి. కూలర్ గాలి అలాంటిది. కానీ భాయిగారూ, ఇక నుంచి ఏది చూత్తే అది చెప్పేయండి. మీ కడుపులో పెట్టుకోకండి. ఆయ్? ఇంకేమైనా ఉన్నాయా దాచినవి? ఉంటే ఇప్పుడే కక్కేయండి."

అల్లాబకష్ ఆలోచించాడు.

"నీ మూడో షెడ్డులో దోస ఆకులకు తెల్లదోమ పడిండాది."

"తెల్లదోమా! ఎప్పటి నుంచండీ?"

"సోమారం నుంచి."

"సోమవారమా? ఇయ్యాల ఆదివారమండీ!" అంటూ గంగాధర్ చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డు వైపు పరిగెత్తాడు. కాలికి అడ్డం వచ్చిన నీళ్ళ పైపును చూసి దాటడం, అల్లాబకష్ గుమ్మంలో నిలబడి గమనించాడు. ఆ పైపు అతని ఎడమ పక్కనే ఉంది.